నేను చంపిన తెల్లపురుగులు

మొన్న వానలు పట్టిన నాలుగో రోజున వ్యవసాయశాఖ ఆయన ఒకరు, మూతకు సన్నని చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా చంకలో పెట్టుకొని ఎల్లారెడ్డి నుంచి మా ఊరి సమాధుల తోటకు వచ్చాడు. మా సంఘం వాళ్ళ సమాధులన్నీ అక్కడే ఉన్నాయి; కానీ ఈ పదేళ్ళుగా వయ్యారిభామ గడ్డి నడుము ఎత్తున పెరిగి ఏ సమాధి ఎవరిదో ఆనవాలు తెలియకుండా చేసింది. ఆయన డబ్బా మూత తీసి అరచేతిలోకి వంచుకుంటే కందిగింజంత పురుగులు, తెల్లని వీపు మీద నల్లని చారలవి, మెల్లగా వేళ్ళ మధ్యకు పాకాయి. ఇవి ఈ గడ్డిని తప్ప మరి దేన్నీ ముట్టవనీ, పరదేశం నుంచి తెప్పించి పెంచినవనీ చెప్పాడు. చుట్టూ చేరిన వాళ్ళు మొదట అడిగిన మాట, "గడ్డి ఒడిసినంక మా పెసరుచేన్ల మీద పడయా సారూ?" అని. నాకు నవ్వు ఆగలేదు. అరవై ఏళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న అడిగాను. కాకపోతే నేను అడిగింది పురుగులను చంపేసిన తరువాత.

నా ఈడు వాళ్ళకు నాగజెముడు గురించి చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యంలో మా తాలూకా అంతటా అది లేని గట్టు లేదు, అది ఎక్కని పాడుగోడ లేదు. ఒక ఆకు మీద ఒక ఆకు, అరచేయి మీద అరచేయి అతికించినట్టు మనిషెత్తుకు లేచి, పసుపుపచ్చని పూలు పూసి, ఎర్రని పండ్లు కాసి, ఆ పండ్ల మీది సన్నని నూగు తగిలిందా మూడు రోజుల దాకా నాలుక మీది ముళ్ళు పోయేవి కావు. నరికితే చావదు. నరికిన ఆకు ఎక్కడ పడితే అక్కడ వేరు దిగుతుంది. ఒక చెట్టును పది ముక్కలు చేశామంటే పది చెట్లు నాటామన్నమాటే. మా మామ, ఈ ఊరి క్రైస్తవ సంఘానికి ఉపదేశి, ఆదిలో మనిషి చేసిన తప్పుకు మట్టి అనుభవించిన శాపం ఏమిటో చూడాలంటే గుడి దాటి నాలుగు అడుగులు వేయండి అని ప్రసంగంలో చెప్పేవాడు.

నేను పుట్టింది కామారెడ్డిలో, స్టేషనుకు దక్షిణాన గ్యాంగు మనుషుల గుడిసెల్లో. మా బాపు రైలు పట్టాల మీద గ్యాంగుమనిషి. నన్ను మిషను బోర్డింగులో చేర్చితే అక్కడ ఆరో తరగతి దాకా చదివి, పాటలు, కుట్టుపని, కూరగాయల మడులు చేయడం నేర్చుకొని, పదహారేళ్ళకు ఎల్లారెడ్డికి కోసెడు దూరంలో ఉన్న ఈ ఊరికి ఉపదేశి పెద్ద కోడలిగా వచ్చాను. చదువుకున్న కోడలు వచ్చిందని సంఘంలో ఆడవాళ్ళు నన్ను కాస్త గౌరవంగానూ కాస్త ఎగతాళిగానూ చూసేవారు. ఆ గౌరవమే నా కొంప ముంచింది, ఎగతాళి కాదు.

అప్పటికి మా వాళ్ళకు సమాధుల తోట లేదు. ఊరివాళ్ళ శ్మశానంలో మమ్మల్ని రానివ్వరు. వాగు ఒడ్డున ఇసుక మేటల్లో పూడ్చుకునేవాళ్ళం. ప్రతి వానాకాలం వాగు పొంగి ఒడ్డును కొంత కొంత కొరుక్కుతినేది. మా అత్తకు మూడేళ్ళ ఆడపిల్ల జ్వరంతో పోయింది. నేను చూడని నా ఆడబిడ్డ. ఆ చిన్న సమాధికీ వాగు గట్టుకూ మధ్య, నేను కాపురానికి వచ్చేసరికి, రెండు బారల నేల మిగిలింది. మా అత్త నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఆ నేలను అడుగులతో కొలిచి వచ్చేది.

నా పెళ్ళికి ముందు దసరా నాడు మా మామ సంఘం పెద్దలను వెంటబెట్టుకొని పటేలు వాకిట్లో నిలబడి, చచ్చినవాళ్ళకు ఆరడుగులు అడిగాడట. పటేలు చెడ్డవాడు కాదు గానీ నోరు మాత్రం మంచిది కాదు. "ఏంది ఉపదేశీ, బతికినోళ్ళకే జాగ లేదు, సచ్చినోళ్ళకు గావాలెనా?" అని నవ్వి, ఊరికి తూర్పున ఎందుకూ పనికిరాకుండా పడి ఉన్న నాగజెముడు దొంకను చూపించాడు. "తీస్కోండ్రి. రెండో మిర్గం నాటికి అండ్ల గడ్డపార దిగితే మీది. దిగకపోతే ఇటుకబట్టీ ఆయన అడుగుతున్నడు, ఆయనకిస్త" అన్నాడు. మిర్గం అంటే మృగశిర కార్తె, తొలకరి. అంటే నడుమ ఒకటే వానాకాలం, రెండు ఎండాకాలాలు. మగవాళ్ళు కూలి లేని రోజుల్లో గొడ్డళ్ళు పట్టుకొని దిగారు. నరికారు, కుప్ప వేసి కాల్చబోయారు. నీళ్ళు నిండిన ఆకు కాలదు. నెల తిరిగేసరికి నరికిన చోట మళ్ళీ పచ్చగా మొలకలు. చేతులకు ముళ్ళు, చీము తప్ప మిగిలింది లేదు.

అన్నట్టు, ఆ రోజుల్లో మా వైపు మనుషుల్ని రాత్రికి రాత్రి మంచం పట్టించే భయం ఒకటుండేది, బాణామతి. ఎవరి వాకిట్లో నిమ్మకాయ కనిపించినా, ఎవరి పశువు కాలు విరిగినా బాణామతే. ఫలానావాడు చేశాడని అనుమానం పుడితే వాడికి పళ్ళు రాలగొట్టేవారు. మేము ప్రభువును నమ్మినవాళ్ళం, మాకు భయం లేదని పాటల్లో పాడేవాళ్ళం గానీ, పాట అయిపోయి ఇంటికి వెళ్ళే దారిలో అందరమూ నడిమధ్యన నడవాలని చూసేవాళ్ళమే.

ఉపవాసాల నలభై శ్రమదినాలు ముగిసి పునరుత్థాన పండుగ, అంటే ఈస్టరు, వస్తుందనగా, మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పండుగ నాడు వేకువనే సమాధుల దగ్గర దీపాలు పెట్టి పాడుకోవాలి. అందుకు ముందు శనివారం ఆడవాళ్ళమంతా వెళ్ళి ఆ చోటు ఊడ్చి అలికి రావాలి. ఆ ఏడు మా అత్త ఒక మాట అన్నది. వాగు ఒడ్డుతో పాటు తూర్పు దొంక అంచునూ శుభ్రం చేద్దాము, మనకు ఇచ్చిన నేల కదా, ముళ్ళున్నా మనదే కదా అని. మామ చుట్టుపక్కల ఊళ్ళలో ఆరాధనలు జరిపించడానికి వెళ్ళి వారం అయింది. మేము పన్నెండుగురం చీపుళ్ళు, పేడ, నీళ్ళ కుండలు తీసుకొని వెళ్ళాము.

దొంకకు ఒక మూలన నాగజెముడు ఆకుల మీద తెల్లగా, పత్తికాయ విరగ్గొట్టి దూది అతికించినట్టు మచ్చలు కనిపించాయి. ముందు రోజు సాయంత్రం ఎవరో పిండి చల్లినట్టుంది. నాకు మొదటినుంచీ ఏది కనిపించినా ముట్టి చూసే గుణం. ఒక మచ్చను వేలితో నలిపాను. తెల్లని దూది కిందనుంచి చిక్కని ఎరుపు, రక్తం లాంటిది, నా వేలిచివరనుంచి మణికట్టు దాకా కారింది. పక్కనున్న ఆమె కుండ వదిలేసింది. "అవ్వో, నెత్తురు! బాణామతి చేసిండ్రు! మన సావుల జాగ మీదనే చేసిండ్రు!" అంది. మరొకామె, "ఇటుకబట్టీ వానిదే ఈ పని, నీ పిల్ల మీద ఒట్టు" అని మా అత్త భుజం పట్టుకుంది. మా అత్త ముఖం తెల్లబడింది. తన పిల్ల కోసం అడిగిన నేల మీద ఎవరో నెత్తురు చల్లారని ఆమె నమ్మడానికి ఎంతోసేపు పట్టదు కదా.

అప్పుడు నా చదువు నిద్ర లేచింది. నేను ఆకును దగ్గరగా పట్టుకొని చూశాను. దూది కింద చిన్న బుడిపె, బుడిపెకు కాళ్ళున్నాయి. "బాణామతి గాదు, ఏం గాదు. ఇది పురుగు. మా బోర్డింగుల చిక్కుడుపాదుకు గిట్లనే పేను పడుతుండె. నేను చూపిస్త" అన్నాను. బోర్డింగులో మా దొరసాని సబ్బునీళ్ళలో గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి చిలికి పాదుల మీద చల్లించేది. ఒక్క పేను మిగిలేది కాదు. ఇంటింటినుంచీ దీపాల అడుగున మిగిలిన నూనె తెప్పించాను. బట్టలసబ్బు గీకి, కవ్వంతో చిలికి, చీపుళ్ళతో ముంచి ముంచి ఒక్క మచ్చ మిగలకుండా కడిగించాను. తెల్ల దూది కరిగి ఎర్రని చారలై నేలకు కారింది. ఆడవాళ్ళ భయం పోయింది, నవ్వులు మొదలయ్యాయి. "చదువుకున్న కోడలంటే గిది!" అని ఒకామె నా నెత్తి నిమిరింది. దయ్యం మీద గెలిచినంత సంతోషంగా ఇంటికి వచ్చాను. పండుగ ఆరాధనలో నా గొంతే అందరికంటే పైకి లేచింది.

మంగళవారం మా మామ తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండా నేరుగా దొంక దగ్గరకు వెళ్ళి వచ్చి, చేతికర్ర గోడకు ఆనించి, గడపలో కూర్చున్నాడు. తరువాత అడిగాడు. "బిడ్డా, ఆ మూలకు ఏం జల్లినవ్?"

నేను గొప్పగా చెప్పాను. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకొని, పిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు, అసలు సంగతి చెప్పాడు. అంతకుముందు కార్తీకంలో సభలకని కామారెడ్డి వెళ్ళినప్పుడు, రైలు పట్టాల వెంబడి మైళ్ళకొద్దీ నాగజెముడు కుళ్ళి కూలిపోవడం చూసి, మా బాపునే అడిగితే, ఆయన తెల్లపురుగును చూపించాడట. సముద్రం అవతలినుంచి తెచ్చి మద్రాసు వైపు వదిలారట, అక్కడినుంచి గాలికి, రైలుకు, మనుషుల బుట్టలకు అంటుకొని ఇంతదూరం వచ్చిందట. మామ ఒక బుట్టెడు పురుగు పట్టిన ఆకులు తెచ్చి ఎవరూ చూడని వేళ ఆ మూల పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. నెత్తురు కారే పురుగులను బుట్టలో తెచ్చి ఊరి చివర పెట్టాడని తెలిస్తే, పళ్ళు రాలగొట్టేది మొట్టమొదట ఉపదేశివే. ఐదు నెలలు అవి బాగా అల్లుకున్నాయి. ఆ మూల అప్పుడే మెత్తబడుతున్నదట. తొలకరి లోపల నాలుగు మూరల నేల బయటపడుతుందని ఆయన లెక్క. వాగు ఒడ్డు నుంచి తవ్వి తెచ్చిన ఒక చిన్న పెట్టె పట్టడానికి నాలుగు మూరలు చాలు.

ఆ చివరి మాట ఆయన అనలేదు. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న మా అత్త చేతిలో గరిటె ఆగిపోవడం విని నేనే అర్థం చేసుకున్నాను.

మరునాడే నేను, నా పెనిమిటి బండి కట్టుకొని కామారెడ్డి బయలుదేరాము. మామ వద్దనలేదు. దారి పొడుగునా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా జీవితంలో అదే మొదటిసారి అని నా పెనిమిటి తరువాత అందరికీ చెప్పి నవ్వేవాడు. కామారెడ్డిలో బాపు మమ్మల్ని పట్టాల వెంబడి నడిపించాడు. అటూ ఇటూ కట్ట మీద నాగజెముడు మోకాళ్ళ మీద కూలబడ్డ మనుషుల్లా వంగి, తెల్లగా నెరిసి, నల్లగా కుళ్ళి ఉంది. బాపుకు అక్షరం రాదు గానీ ఆయన రెండేళ్ళుగా ఆ పురుగును కనిపెట్టి చూస్తున్నాడు. "ఇది ఆడది. ఒక్కపారి ముక్కు గుచ్చిందంటే, కొత్తల్లుని లెక్క, కూసున్నకాడికెల్లి లెవ్వది బిడ్డా. మెక్కుడే పని" అన్నాడు. నా పెనిమిటి తల వంచుకున్నాడు. పురుగు పిల్లలు మాత్రం పుట్టిన ఒకటి రెండు రోజులు ఆవగింజలో సగమంత ఒంటితో పరుగెత్తుతాయి, ఆకు కొనకు ఎక్కి గాలి కోసం నిలబడతాయి, గాలి ఎత్తుకుపోయి ఎక్కడ దింపితే అక్కడే వాటి బతుకు. నాగజెముడు మీద దిగినవి బతుకుతాయి, మిగతావి చస్తాయి. వాన పడితే కడుక్కుపోతాయి, ఎండ కాస్తే పెరుగుతాయి. అందుకని గాలి వచ్చే దిక్కున, పడమటి అంచున పెట్టాలన్నాడు.

నేను అప్పుడు అడిగాను, జొన్న మీద పడవా, మిరప మీద పడవా అని. బాపు భుజాలు ఎగరేసి, పట్టాల పక్కన మిరపచేను ఉంది, వెళ్ళి చూడు అన్నాడు. చూశాను, లేవు. అయినా నా మనసు ఊరుకోలేదు. ఒకసారి తెలుసుననుకొని చేసిన పనికి ఫలితం చూశాను కదా. పురుగు పట్టిన ఆకుల బుట్టను బండిలో వేసుకొని ఇంటికి వచ్చాక, పగిలిన కుండల్లో జొన్న మొలక, మిరప, వంకాయ, చిక్కుడు పెట్టి, ఒక్కొక్కదాని మీద పురుగు పిల్లలను కోడి ఈకతో దులిపి, పక్కనే నాగజెముడు ఆకు ఒకటి పెట్టి, ప్రతి ఉదయం ప్రార్థన కాగానే వెళ్ళి చూసేదాన్ని. ఏడెనిమిది రోజుల్లో జొన్న మీద, మిరప మీద ఉన్నవి దుమ్ములా ఎండి రాలిపోయాయి. నాగజెముడు మీదివి తెల్లని దూది కప్పుకొని కుదురుకున్నాయి. ఆకలితో చచ్చాయి గానీ తమది కాని ఆకును ముట్టలేదు. అరణ్యంలో ఆకాశం నుంచి రోజుకింత రాలిన ఆహారంతోనే తృప్తిపడమంటే లేఖనాల్లోని పెద్దలు సణిగారు. ఈ పురుగు సణగలేదు. పాపం ఎంత ఎర్రనిదైనా తెల్లబడుతుందని ప్రవక్త చెప్పిన మాట నాకు అంతవరకు నోటికి వచ్చు, అంతే. బయట తెలుపు, లోపల ఎరుపు ఉన్న ఆ ప్రాణిని చూస్తూ, నా తెలుపు కిందనేమున్నదో నేను మొదటిసారి ఆలోచించాను.

ఆ తరువాతి ఆదివారం ఆరాధనలో మా మామ బుట్టను బల్ల ముందు పెట్టి, అందరి ఎదుటా పురుగును నలిపి తన వేలు చూపించాడు. "నేను భయపడి దాచిన. నా కోడలు భయం పోగొట్టాలని కడిగింది. ఇగ దాచుడు లేదు, కడుగుడు లేదు" అన్నాడు. ఒక ముసలమ్మ ముందుకు వచ్చి ఆ ఎరుపును వాసన చూసి, పెదవి విరిచి, "గింత పురుగు గంత దొంకను తింటదా ఉపదేశీ? మా ఆయన ముప్పై ఏండ్లకెల్లి తింటున్నడు, నన్నొక్కదాన్నే తినలేకపోయె" అన్నది. గుడిలో అంతగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు. అందరమూ కలిసి వెళ్ళి, పడమటి అంచున ఆకు ఆకుకూ పురుగు పట్టిన ముక్కను ముల్లుతో గుచ్చి వచ్చాము. పటేలు గుర్రం మీద పోతూ ఆగి, మీ దేవునికి పురుగులే దొరికినయా అని ఎకసెక్కం చేస్తే, మామ చేతులు జోడించి, ఆయన ఫరోకు కూడా వాటినే పంపిండు దొరా అన్నాడు. ఫరో అంటే దేవుడు తెగుళ్ళు పంపి శిక్షించిన గర్విష్ఠి రాజని పటేలుకు తెలియదు కాబట్టి బతికిపోయాము.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఊరంతా సంతోషించింది, నేను తప్ప. వానకు పురుగులు కడుక్కుపోయి, అక్కడొకటి ఇక్కడొకటి, ఆకుల అడుగున మాత్రం మిగిలాయి. శ్రావణంలో ఒక రాత్రి వాగు పొంగింది. తెల్లవారి మేము వెళ్ళేసరికి ఆ రెండు బారల నేల లేదు. దాని వెనుకనున్నదీ లేదు. ఎర్రని నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. మా అత్త ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టుకొని గట్టు మీద నిలబడి చూసి, కుండ ముంచుకొని ఇంటికి నడిచింది. నేను ఆమె వెనుకనే నడుస్తూ, ఆమె నన్ను ఒక్క మాట అంటే బాగుండునని, కొడితే ఇంకా బాగుండునని కోరుకున్నాను. ఆ రోజు వండింది, వడ్డించింది, నా పళ్ళెంలో అందరికంటే ముందు పెట్టింది.

కార్తీకం నుంచి ఆకాశం తెరిపి ఇచ్చింది. అక్కడినుంచి మేము చూసినది చూడనివారికి చెబితే నమ్మరు. ఆకుల అడుగున దాక్కున్న ఆ కొద్దిపాటి పురుగులు సంక్రాంతికి దొంక సగం పాకాయి, శ్రమదినాలకు దొంకంతా మంచు కురిసినట్టయింది. వేసవిలో కాండాలు పసుపుపచ్చగా మారి, ఉడికిన గుమ్మడికాయలా మెత్తబడి, వాటి బరువుకు అవే కూలాయి. కుళ్ళిన వాసన గుడిలోకి కూడా వచ్చేది. మేము ముక్కు మూసుకొని స్తోత్రాలు పాడేవాళ్ళం. మిర్గం నాడు పటేలు స్వయంగా వచ్చాడు. అంచుల్లో ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి. నడిమధ్యన మనిషెత్తు కాండం ఒకటి మిగిలింది. దాన్ని ఆయన చేతికర్రతో పొడిచాడు. అది నిట్టూర్చినట్టు కూలి ఆయన చెప్పుల దగ్గర పడింది. కాసేపు చూసి, "తియ్యుండ్రి గడ్డపార" అన్నాడు, అంతే.

మా మామ గడ్డపార ఎత్తబోతే మా అత్త అడ్డం వచ్చి అందుకుంది. నేను సబ్బునీళ్ళు చల్లించిన ఆ మూలకే వెళ్ళి, మోకాలి లోతు తవ్వి, వాగులోనుంచి తెచ్చిన ఒక గుండ్రని రాయిని అందులో నిలబెట్టి మట్టి కప్పింది. నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. ఆమె నన్ను లేపి, మట్టి చేతులతోనే నా ముఖం పట్టుకొని అన్న మాట నాకు ఇప్పటికీ ఏ ప్రసంగం కంటే ఎక్కువగా వినిపిస్తుంది. "ఏడికెల్లి లేస్తే ఏంది బిడ్డా? పిలిచేటోనికి తెలువదా?"

ఆ తోటలో ఇప్పుడు మా మామ, మా అత్త, నా పెనిమిటి ఉన్నారు. నాగజెముడు ఎలా ఉంటుందో మా మునిమనుమలకు తెలియదు. ఒకరి ఇంట్లో మాత్రం కుండీలో పెట్టి అందానికి నీళ్ళు పోస్తున్నారు. ఆ రోజుల్లో మేము తెలియక భయపడ్డాము, భయపడి దగ్గరగా చూశాము, చూసి తెలుసుకున్నాము. ఇప్పటివాళ్ళకు భయం లేదు, అది మంచిదే. కానీ వంగి చూసే తీరిక కూడా లేదు. వ్యవసాయశాఖ ఆయన పురుగులు వదిలి వెళ్ళిన మూడో రోజునే, జ్ఞాపకార్థ కూడికకు తోట శుభ్రంగా ఉండాలని మా సంఘం యువకులు గడ్డిమందు పంపులు వీపుకు తగిలించుకొని వచ్చారు. నేను గేటుకు అడ్డంగా కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. ఎన్ని రోజులు ఆగాలమ్మా అని అడిగారు. ఎన్ని వానాకాలాలు అని అడగండి అన్నాను. ముసలిదానికి మతి పోయిందన్నట్టు ఒకరినొకరు చూసుకొని, అయినా నా మాట కొట్టేయలేక, పంపులు దింపి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక నేను కర్ర పట్టుకొని మెల్లగా ఆ మూలకు నడిచాను. గుండ్రని రాయి గడ్డిలో ఉంది. అది హద్దురాయి అనుకుంటారు అందరూ. దాని కింద ఎవరూ లేరని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. రాయి పక్కన వయ్యారిభామ కొమ్మ కొన మీద చారల పురుగు ఒకటి కూర్చొని, లేత ఆకు అంచును ఓపికగా కొరుకుతోంది. వేలు చాపాను గానీ, ఈసారి నలిపి చూడలేదు.